ఉత్తరం వైపు గేటు

దక్షిణాఫ్రికాలోని మా ఒట్టావాలో రెండు తరాలకు మొక్కల పాఠాలు చెప్పిన అప్పలమ్మ అక్కయ్య ఇక లేరని గురువారం ఉదయం కబురందింది. నిద్రలోనే గుండె ఆగిందట. నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం వస్తే చిక్కుడు విత్తనాలిస్తానన్న మనిషి ఇంత తొందరపడతారా?

వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడాది నేను కాకినాడ నుంచి ఇక్కడి బడికి జీవశాస్త్ర ఉపాధ్యాయుడిగా వచ్చాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కనుక నారుమడి గోడకు దక్షిణాన వేయాలని తొలి పాఠంలోనే గంభీరంగా సెలవిచ్చాను. పిల్లలు పకపకా నవ్వారు. పక్క తరగతిలో ఉన్న అక్కయ్య వచ్చి నన్ను కిటికీ దగ్గరకు లాక్కెళ్ళారు. "తమ్ముడూ, ఈ దేశంలో ఎండ ఉత్తరం పక్క నించి వస్తాది. బుక్కు మూసి బయట చూడు" అన్నారు. ఆనాటి నుంచి ఆమె నాకు గురువు.

ఆమె బోధనకు శ్రీకారం చిక్కుడు గింజ. ఒక పక్క కన్నం పెట్టిన అట్టపెట్టెలో మొలకను మూసి ఉంచేవారు. కొన్నాళ్ళకు తెరిస్తే అది పాలిపోయి, సన్నగా సాగి, కన్నం వైపు వంగి ఉండేది. ఎవరైనా వెక్కిరిస్తే ఆమెకు ఎక్కడలేని కోపం. "దాన్ని తిట్టకు రా! ఎలుతురు ఎటుంటే అటు ఎల్లింది. నువ్వయితే ఏం చేస్తావు?"

పదవీ విరమణ తరువాత శనివారాలు ఆమె పెరడే పాఠశాల. ఇరుగుపొరుగు తల్లులూ, జులూ పిల్లలూ చేరేవారు. అంతలో ఎదురింట్లో దొంగలు పడ్డారు. కొడుకు రాజు వీధి వైపు, అంటే ఉత్తరాన, ఎత్తయిన గోడ లేపించి, రేకు గేటును వెల్డింగుతో మూయించేశాడు. పక్కన మిగిలింది ఒక ఇరుకు తలుపు. దాని తాళంచెవి అతని జేబులో ఉండేది. పాఠం ఆగిపోయింది, తోటకూర మడి నీడలో పాలిపోయింది.

నాకు రాజు మీద ఒళ్ళు మండేది. ఒకసారి నా ఎదుటే ఆమె అడిగారు. "గేటు తియ్యి రాజూ. మడికి ఎండ లేదు. పిల్లలు రారు."

"నో, మా. ఎదురింటోళ్ళకి ఏమయిందో చూసినావు కదా? నీకేమన్నా అయితే నేనేం చేసేది?" విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఆడిది పేమే తమ్ముడూ. దొంగల నించి కాపాడతాడు. ఎండ నించి కూడా కాపాడతాడు" అని అక్కయ్య నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆచారం ప్రకారం ఆమెను పెరట్లో దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టారు. పాడె ఆ ఇరుకు తలుపులో పట్టదని తేలింది. రాజే మనిషిని పిలిపించి గేటు వెల్డింగు కోయించాడు. రేకు తొలగగానే వీధిలో నిలబడ్డ పిల్లలంతా లోపలికి వచ్చారు. చలికాలపు ఎండ సూటిగా అక్కయ్య ముఖం మీద పడింది. రాజు కంగారుగా చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు రాజూ" అన్నాను.

చాలాసేపటికి చేయి తీసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. అంతవరకూ అతని మీద మోసిన కోపం నాలో మిగలలేదు.

అక్కయ్యా, ఎండ వచ్చింది. పాఠానికి అందరమూ వచ్చాము. చెప్పడానికి మీరు లేరు.