అలక తీరని ఇనుము

ఆ రోజుల్లో బీర్పూర్‌లోని మా ఇంట్లో ఆడపిల్ల చేతికి బీడీల చాట వచ్చాక ఇక బలపం రావడమంటూ ఉండేది కాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు అందుకే పట్టింది. ఇప్పుడు జగిత్యాలలో బిడ్డ దగ్గరుంటూ, దాని చేత మొట్టికాయలు తింటూ అక్షరాలు నేర్చుకున్నాను. (చిన్నప్పుడు నేను దానికి వేసినవే వడ్డీతో తిరిగొచ్చాయి.) నా సంబంధం కుదిర్చేటప్పుడు మాత్రం మా నాయన సిరిసిల్ల వాళ్లతో "పిల్ల ఐదు దాక సదివింది" అని చెప్పేశాడు. పెళ్లయి ఏడాది దాటినా ఆ ఐదు తరగతులనూ నేను మోస్తూనే ఉన్నాను. ఉత్తరం వస్తే పొయ్యి మీద పాలు పొంగేవి, బస్సు బోర్డు చదవాల్సి వస్తే కంట్లో నలుసు పడేది.

మావి రెండు మరమగ్గాలు. సాంచాలు అంటాం. ఒకదాని షాఫ్టు, అంటే చక్రాలను తిప్పే ఇనుప కడ్డీ, విరిగింది. కొత్తది కోరుట్ల లేతు మామ చేస్తేనే మా ఆయనకు నమ్మకం. లేతు మిషను మీద ఇనుము తిప్పి కోసేవాళ్లు ఎందరున్నా, ఆ మామ చేసిన షాఫ్టు ఏళ్లు నడిచినా వెంట్రుకంత వంగదని పేరు. రెండో సాంచా ఆపడం ఇష్టంలేక మా ఆయన మొదటిసారి నన్ను ఒంటరిగా పంపాడు. "సదువుకున్నదానివే గదనే, పోయి తే" అన్నాడు.

నేను వెళ్లేసరికి లేతు మామ లేడు. ఆయన భార్య కొట్టు ముందు చిక్కుడుకాయలు తుంచుతోంది. గోడవార రెండు షాఫ్టులు, ఒకటే పొడుగు. ఒకదాని మీద సుద్దతో ఏదో రాసి ఉంది.

"మాదేదత్తా?"

"ఏమో బిడ్డా, ఏందో రాసిండు గద, సదువు. నా అద్దాలు ఇంట్ల మర్సిన."

నేను వంగి ఆ రాతను చాలాసేపు గంభీరంగా చూశాను. "మా ఆయన పేరే ఉన్నది."

"నాకూ గట్లనే కొట్టింది" అందామె. (ఆమెకు అద్దాలే లేవని తర్వాత తెలిసింది.)

మురికిగా ఇంటికి తీసుకెళ్లడమెందుకని ఆ సుద్దను తుడిచి, షాఫ్టును సంచిలో చుట్టి బస్సెక్కాను.

"గాడి తియ్యలేదేంది?" అన్నాడు మా ఆయన. పళ్లచక్రం జారకుండా బిగించడానికి షాఫ్టుకు ఒక పక్కన గాడి ఉండాలట. "మర్సిపోయిండేమో" అన్నాను, చదువుకున్నదానిలా. మా వీధి లేతు ఆయన గాడి తీసి, బిగింపు విప్పాడు. అప్పటిదాకా గీత గీసినట్టున్న ఉక్కు వంకర తిరిగింది. సాంచాకు ఎక్కిస్తే కుంటి మేకలా ఎగిరింది.

మర్నాడు రెండో సాంచా కూడా ఆపి ఇద్దరం కోరుట్ల వెళ్లాం. లేతు మామ తిట్టలేదు. జ్వరం చూసినట్టు షాఫ్టు మీద చెయ్యి వేశాడు.

"దీనికింక అలక తీరలే అల్లుడా. ఇనుము మిల్లుల గుంజి, నొక్కి సక్కగ జేస్తరు. నేను మల్ల లేతు మీద కోస్త. గా గుంజుడంత లోపట్నే పెట్టుకోని పైకి నిటారుగ ఉంటది. ఒక దిక్కు గాడి కోస్తె లోపలి గుంజుడు ఇంకో దిక్కే మిగిలి వంగుతది. అందుకే కొలిమిల కాల్చి, బూడిదల పండవెట్టి, మెల్లగ సల్లారనిస్త. అటెన్క గాడి తీస్త. అప్పటిదాక ఎవలూ ముట్టొద్దని దాని మీద 'అలక' అని రాస్త. మీది గా పక్కదే. నువ్వు సదువలేదా బిడ్డా?"

ఉక్కు మనసు తెలిసిన ఆ మనిషి ముందు నాకు నలుసూ రాలేదు, పాలూ పొంగలేదు.

"నాకు సదువు రాదు మామా."

"నాకూ రాదు" అని లోపలి నుంచి అత్త అరిచింది.

"నీకు రాదని లగ్గమైన కాన్నుంచి ఎరుకనే!" అన్నాడు మామ. నేల మీద అవే మూడక్షరాలు రాసి, సుద్దముక్క నా చేతికిచ్చాడు. "గిదొక్కటి నేర్సుకోని పో. మల్ల మోసపోవు."

మా ఆయన మాత్రం మంచి షాఫ్టును ఒళ్లో పెట్టుకుని బస్సులో సిరిసిల్ల దాకా నిటారుగా కూర్చున్నాడు. నిటారుగా ఉన్నదాన్ని చూసి భయపడాలని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి పొద్దున వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గుకు బదులు నాకు వచ్చిన ఒకే ఒక్క మాటను గడప ముందు ఇంతేసి అక్షరాలతో రాశాను. ఎదురింటామె చదివి, "ఎవలలిగిండ్రే మీ ఇంట్ల?" అంది. మా ఆయన బయటికొచ్చి చూస్తూ నిలబడ్డాడు.

"'ల' వంకరవోయింది. దానిక్కూడ గాడి తీసినవా ఏంది?" అన్నాడు.

ఇప్పటికీ నా 'ల' వంకరే, బిడ్డ మొట్టికాయలన్నీ దాని కోసమే. ఆ పొద్దున మాత్రం దాన్ని చెరిపి, ఆయన ముగ్గు చిప్ప పట్టుకుని నిలబడితే, మళ్లీ రాశాను.