కోడిపిల్లల గంపకు సాంబ్రాణి పొగ

చిన్నప్పుడు నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని తొమ్మిది కోడిపిల్లలను బతికించడం. తల్లికోడిని నక్క ఎత్తుకుపోయింది. పిల్లలు గుడ్లలోంచి వచ్చి నాలుగు రోజులే. పైగా ముసురు. వాన లేదని ఏడ్చే మా రాయచెర్లు జనమే ఇంక చాలు దేవుడా అంటున్నారు. మా అవ్వ గంప తెచ్చి నా ముందు పెట్టి, "వీటికి అమ్మ లేదు పాపా, నువ్వే సూసుకోవల్ల," అన్నది. ఆ పూట నా కాళ్లు నేల మీద నిలవలేదు.

వెచ్చగా ఎట్లా ఉంచాలో నాకు బాగా తెలుసుననుకున్నాను. ఇంట్లో రోజూ చూస్తానే ఉన్నాను కదా. మా అక్క పురిటికొచ్చి బిడ్డను కని వారమైంది. బాలింతకు గాలి సోకకూడదని అవ్వ ఆ గది తలుపు మూసి, కిటికీలో పాతచీర కుక్కి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, పూటపూటకూ సాంబ్రాణి వేసేది. బిడ్డకు మంచిదైంది కోడిపిల్లలకు చెడ్డదెట్లా అవుతుంది? పిల్లల మీద గంప బోర్లించి, లోపల ఒక వారగా మూకుడులో నిప్పులు పెట్టి, పైన రెండు గోనెపట్టలు కప్పినాను. చిటికెడు సాంబ్రాణి కూడా వేసినాను, నా తెలివి మండ.

మధ్యాహ్నం సంగటి తిని వచ్చేసరికి లోపల చప్పుడు లేదు. నిద్రపోయినాయని మురిసిపోయినాను. అవ్వ వచ్చి గంప ఎత్తింది. పిల్లలన్నీ నిప్పులకు ఎడంగా ఒకదాని మీద ఒకటి ఎగబడి, నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ తీసి ఇంటి ముందు పంచలో గాలికి పెట్టింది. ఏడు తేరుకున్నాయి. రెండు తేరుకోలేదు.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గంపను మళ్లీ నిప్పుల మీద బోర్లించి, గోనె కొంచెం ఎత్తి, "నువ్వూ ఒక తూరి మొగం పెట్టి సూడు," అన్నది. నాలుగుసార్లు ఊపిరి పీల్చినానో లేదో, గొంతు పట్టేసి దగ్గుతా వెనక్కి పడినాను. "అక్క గదిలో మాదిరే పెట్టినాను కదవ్వా," అని ఏడ్చినాను.

అవ్వ నన్ను చూసింది. గది తలుపును చూసింది. పోయి తలుపు బార్లా తీసి, కుంపటిని ఎత్తుకొచ్చి వానలో దింపింది, కిటికీలో చీర పీకేసింది. పొద్దుటినుంచి తలనొప్పని అక్క అంటూనే ఉన్నదంట. బాలింతకు అది మామూలేనన్నదీ అవ్వే. కాసేపటికి బిడ్డ కేరుమన్నాడు. ఆ ఏడుపు వినంగానే అవ్వ గడప మీద కూలబడింది.

సాయంత్రం ఇటుక కాచి, గుడ్డ చుట్టి, గంపలో ఒక పక్కన పెట్టి, రెండో పక్క తెరిచి ఉంచింది. "యాడ బాగుంటే ఆడికి అవే పోతాయి, మనం అడ్డం పడకుంటే సాలు," అన్నది.

ఇప్పుడు మా చేనంతా సోలార్ పలకల కింద ఉండాది. కోడలు ఇంటి వెనక షెడ్డులో కోళ్లు పెంచుతూ, చలికాలానికి కరెంటు హీటరు తెచ్చింది. అది గడ్డికి దూరంగా, కింద పడకుండా బిగించాలని, ఒక పక్కే వెచ్చగా ఉండాలని, గాలికి సందు వదలాలని నేను చెప్పిందే చెబుతాను. వేడి ఎక్కువైతే హీటరు అదే ఆగిపోతుంది, దానికే అన్నీ తెలుసులే అత్తా, అంటుంది. తెలిస్తే మంచిదే. నేను మాత్రం పిల్లలు యాడ పడుకున్నాయో పోయి చూసి వస్తాను. హీటరు కిందే గుంపు కడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి.

తప్పు తనదని అవ్వ నోరు తెరిచి ఏనాడూ అనలేదు. కానీ బతికినన్నాళ్లూ యే బాలింత ఇంటికి పోయినా మొదట కిటికీ తీసేది. నేనూ అంతే. ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా పోతాను. ముసల్దానికి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ. ముందు కిటికీ తీస్తాను, బిడ్డ మొగం ఆ తరువాతే చూస్తాను.