బాపట్ల నుంచి రేపల్లెకు ఎద్దుల లోడు

1988 మార్చిలో నేను తెనాలిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థలో ట్రాఫిక్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే. ఏ లారీ ఎటు వెళ్లాలి, ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి అన్నది తేల్చడం, బండ్ల కండిషను చూసుకోవడం నా పని. నా పైన మేనేజరు, ఆయన పైన యజమాని. నా అజమాయిషీలో తొమ్మిది లారీలు ఉండేవి. ఆటోమొబైల్ డిప్లొమా చదివినవాణ్ని, ముప్ఫై ఏళ్లవాణ్ని. లారీల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. లోడున్న లారీని పది మైళ్లు నడిపింది మాత్రం లేదు.

ఆ నెల కొత్త బండి వచ్చింది. దానికి డ్రైవరును ఎంపిక చేసే పని మేనేజరు గారు నాకు అప్పగించారు. అంతవరకు తెలిసినవాళ్ల మాట మీద తీసుకునేవారు. నేను పద్ధతిగా చేద్దామని రోడ్డు గుర్తులు, టైర్లలో గాలి, గేర్లు, బ్రేకుల మీద ఒక ప్రశ్నపత్రం తయారుచేశాను. వచ్చినవాళ్లలో చివరకు ఇద్దరు మిగిలారు.

మొదటివాడు ప్రసాదు. ఇరవై ఆరేళ్లు. దాదాపు అన్నీ సరిగ్గా రాశాడు. షెడ్డు ఆవరణలో రెండు పీపాల మధ్య నుంచి లారీని గీత గీసినట్టు రివర్సు చేశాడు. రెండో ఆయన సుందర్రావు. కాకుమాను మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు, హెవీ లైసెన్సు తీసుకుని ఇరవై ఏళ్లు. ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునే అలవాటు వల్ల కాబోలు, మామూలుగా మాట్లాడినా గొంతు ఖంగున మోగేది. నా ప్రశ్నపత్రంలో సగం ఖాళీగా వదిలేశాడు. "లోడుతో ఉన్న బండి బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగును?" అన్న ప్రశ్న కింద "ఏం లోడండి?" అని రాశాడు. సున్నా వేశాను.

ప్రసాదును తీసుకుందామని కాగితం పెడితే మేనేజరు గారు నవ్వి, ఇద్దర్నీ ఒకే లోడు మీద పంపి, నన్నూ వెంట వెళ్లమన్నారు.

ఆ లోడు ఒక జత ఎద్దులు. బాపట్ల దగ్గర పల్లెలో సుబ్బయ్య గారనే రైతువి. రేపల్లె దగ్గర తిరునాళ్లలో ఆ సాయంత్రం బండలాగుడు పందెం. ప్రసాదుకు స్టీరింగు ఇచ్చి, సుందర్రావును స్పేరు డ్రైవరుగా కూర్చోబెట్టాను. స్పేరు డ్రైవరంటే దూరప్రయాణాల్లో మొదటి డ్రైవరుకు విశ్రాంతినిచ్చే మనిషి. ఇంత చిన్న దూరానికి ఆయనకు పనే ఉండదని నా ఉద్దేశం.

పని ఊళ్లోనే మొదలైంది. సుందర్రావు లారీ తొట్టిలో ఇసుక పోయించి, దాని మీద గడ్డి పరిపించాడు. చెక్క మీద గిట్ట జారుతుందట. కాలవగట్టు లారీ తొట్టి ఎత్తున ఉన్న చోటు చూసి బండిని అక్కడికి వెనక్కి తెమ్మన్నాడు. ప్రసాదు ఒక్క ఊపున తెచ్చి ఆనించాడు. ఎద్దులు ఇంట్లోకి నడిచినట్టు లారీలోకి నడిచాయి. "కుర్రాడి చెయ్యి బాగుందండి" అన్నాడు సుందర్రావు నాతో, సంతోషంగానే.

సుబ్బయ్య గారు ఎద్దుల దగ్గరే నిలబడ్డారు. "ఒక్క కాలు బెణికినా మా ఏడాది కష్టం మట్టిలో కలిసినట్టేనండి" అని మాత్రం చెప్పారు.

మొదటి కల్వర్టు దగ్గర ప్రసాదు బ్రేకు వేశాడు. తప్పుగా వేయలేదు. అయినా వెనక గిట్టలు టకటకలాడాయి, సుబ్బయ్య గారు కేబిను టాపు మీద దబదబా బాదారు.

"బాబూ, సిమెంటు బస్తా అయితే ఒరిగి ఊరుకుంటుంది. వీటికి కాళ్లున్నాయి" అన్నాడు సుందర్రావు. "నువ్వు ఆపబోతున్నావని వాటికి ముందే తెలియాలి."

"వాటికెలా తెలుస్తుందండి?"

"ముందు గేరు తగ్గించు. ఇంజను మోత మారుతుంది, ఊపు నెమ్మదిగా తగ్గుతుంది. అవి కాళ్లు సర్దుకున్నాక బ్రేకు మీదికి రా."

తర్వాతి కల్వర్టుకు ప్రసాదు అలాగే చేశాడు. టాపు మీద చప్పుడు రాలేదు. ఏ లోడు అని తెలియకుండా ఆగే దూరం చెప్పలేమని నాకు అప్పుడు అర్థమైంది.

చెరుకుపల్లి ఇంకా రెండు మైళ్లుందనగా రోడ్డు నిండా మినప కట్టె పరిచి ఉంది. బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుందని మా ప్రాంతంలో రైతులు అలా పరుస్తారు. పక్కకు పోయే చోటు లేదు, ప్రసాదు నెమ్మదిగా తొక్కించుకుంటూ పోయాడు. కాస్త దూరం పోయాక సుందర్రావు మాట మధ్యలో ఆపి ముక్కు ఎగబీల్చాడు.

"కట్టె చుట్టుకుంది. రాజుకుంటోంది" అన్నాడు.

నాకు ఏ వాసనా రాలేదు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు తిరుగుడును అందించే ఇనుప గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. ఎండిన తీగ దానికి చుట్టుకుంటే ఒరిపిడికి నిప్పు పుడుతుంది. పైన చెక్క తొట్టి, ఎండుగడ్డి, కట్టేసి ఉన్న ఎద్దులు. ప్రసాదు కాలు బ్రేకు మీదికి పోయింది.

"తొక్కకు! కాలు తీసెయ్. అదిగో, గట్టు ఎత్తుగా ఉన్న చోటికి వెనక భాగం ఆనించు. అవసరమైతే ఎద్దుల్ని దింపేద్దాం" అన్నాడు సుందర్రావు.

ప్రసాదు పెదవి బిగించి, అద్దంలో పొగ కనిపిస్తున్నా తొందరపడకుండా, మళ్లీ ఒక్క ఊపున గట్టుకు ఆనించాడు. సుందర్రావు సీటు కింది కొడవలి, ఒక గోనెసంచి తీసుకుని దిగాడు. సంచిని కాలవలో ముంచి బండి కిందికి దూరాడు. సుబ్బయ్య గారు పలుపులు విప్పి, ఎద్దుల మెడ నిమురుతూ ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. ప్రసాదు రెండో సంచి తడిపి సుందర్రావు పక్కనే దూరాడు. కల్లం దగ్గర నుంచి ఒకామె బిందెతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

అయిదు నిమిషాల్లో పొగ ఆగింది. ఇద్దరూ మసి మొహాలతో బయటికొచ్చారు. సుందర్రావు చేతిలో చంకెడు కట్టె.

ఆమె దాన్ని పరీక్షగా చూసి, "అన్నయ్యా, కాయలున్నాయి. మావి మాకిచ్చి పొండి" అంది.

"తీసుకోమ్మా. కాస్త వేయించి కూడా ఇస్తున్నాం" అన్నాడు సుందర్రావు. గట్టు మీద సుబ్బయ్య గారితో సహా అందరం పగలబడి నవ్వాం. ఎద్దుల్ని దింపాల్సిన అవసరం రాలేదు. ఆమె, తక్కిన కూలీలు కలిసి, వెనక వచ్చే బండ్ల కోసం ఒక బండి పట్టేంత వెడల్పున కట్టె పక్కకు లాగారు.

పందెంలో ఆ జతకు రెండో బహుమతి వచ్చింది. సుబ్బయ్య గారు మా ముగ్గురికీ తిరునాళ్లలో జీళ్లు కొనిపెట్టి, మొదటిది పోవడంలో లారీ తప్పేమీ లేదని మేనేజరు గారికి చెప్పమని మరీ మరీ చెప్పారు.

తిరిగొచ్చి నా కాగితం మార్చి రాశాను. కొత్త బండికి సుందర్రావు డ్రైవరు, ప్రసాదు ఆరు నెలలు స్పేరు. ప్రసాదు చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. "నేనే అడుగుదామనుకున్నానండి" అన్నాడు. ఏడాది తిరక్కుండా అతనికీ సొంతంగా బండి ఇచ్చాం.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా చాలామంది డ్రైవర్లను తీసుకున్నాను. లైసెన్సు చూశాను, రాతపరీక్షా పెట్టాను. కానీ లోడు బండిలో పక్కన కూర్చుని కనీసం ఒక పూట ప్రయాణం చేయకుండా ఎవరికీ బండి అప్పగించలేదు. బండిని నడపడం వచ్చని లైసెన్సు చెబుతుంది. వెనక ఏముందో గుర్తుంచుకుని నడుపుతాడా, దారిలో మనుషులతో ఎలా మాట్లాడతాడు, ముప్పు వచ్చినప్పుడు కాలు ముందు కదులుతుందా, బుర్ర ముందు కదులుతుందా అన్నది పక్క సీట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది.