మీద పడబోయిన అద్దం తలుపు

దక్షిణాఫ్రికాలో ఎన్నికలై కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడాది, మావారి ఉద్యోగం వల్ల హైదరాబాద్ నుంచి డర్బన్‌లోని రెడ్‌హిల్‌కు చేరాం. ఒక మధ్యాహ్నం, బిగుసుకుపోయిన స్లైడింగ్ అద్దం తలుపు చక్రాలు శుభ్రం చేద్దామని ఒక్కదాన్నే దాన్ని పైకెత్తాను. అది పట్టాలోంచి ఊడి నా మీదికి వాలింది. వదిలితే పగులుతుంది, ఎక్కువసేపు మోయలేను. "అమ్మా!" అని అరిచాను.

ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే పక్కింటి పెద్దావిడ పరుగున వచ్చి రెండోవైపు పట్టుకుంది.

"ఓలమ్మో! బుద్ధి నేదేటే నీకు? వదలకు!"

ఇద్దరం కలిసి తలుపును గోడకు ఆనించాం. ఆవిడ నోట తెలుగు వినేసరికి నాకంతా అయోమయంగా ఉంది.

"మీరు తెలుగువారా? మీదే ఊరండీ?" అని గబగబా అడిగాను.

ఆవిడ తెల్లబోయింది. "నువ్వేమంటున్నావో తెలీదమ్మా. చెరకు తోటల్లో కూలికి ఇండియా నుంచి ఓడలో వచ్చిన మా అవ్వ తిట్టిన తిట్లే నాకొచ్చు," అంది ఇంగ్లీషులో.

ఆ తిట్టుకి నాకెందుకు కళ్లు చెమర్చాయో ఇప్పటికీ అర్థం కాదు.