పక్కింటి చేపలకు మేత

మా పక్కింటి సార్‌తో మాకు మూడేళ్లుగా మాటల్లేవు. మా పెరటి నీళ్లు పోయే కాలువ దగ్గర మొదలైన తగాదా అది. అందుకే, ఎండలు ముదిరిన ఆ పొద్దున ఆయన తాళంచెవి పట్టుకుని మా గుమ్మంలో నిలబడితే మళ్లీ కాలువ గొడవకే వచ్చాడనుకున్నాను.

"ఇంట్ల ఆమెకు మోకాలి ఆపరేషన్ ఉన్నదమ్మా. హైదరాబాద్ పోతున్నం, పది దినాలు పడ్తది. చేపలకు మేత ఏసేటోళ్లు లేరు" అన్నాడు, నేల చూస్తూ.

ఆయన రిటైరైన హెడ్‌మాస్టర్. ఇంటి వెనక తోటలో చిన్న సిమెంటు కొలను కట్టించి ఏడు కోయి చేపలు పెంచుతున్నాడు. ఎర్రవి, తెల్లవి, నారింజ మచ్చలవి. మూడేళ్లూ గోడ మీంచి వాటిని చూసీ చూడనట్టు చూసినదాన్నే. సరేనన్నాను.

కొలను దగ్గరికి తీసుకెళ్లి గుళికల డబ్బా, పొడుగు పిడి ఉన్న వల జాలి చూపించాడు. "పొద్దున పిడికెడు, సాయంత్రం పిడికెడు. ఐదు నిమిషాల్ల తినంగ మిగిలింది జాలితోని తీసెయ్యాలె. అవి అడుగుతయ్. మీరు ఇయ్యొద్దు."

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని పిల్లలను బతిమాలడమే నా ఉద్యోగం. ఏడు నోళ్లు ఒడ్డుకొచ్చి తెరుచుకుంటే పిడికెడుతో చేతులు దులుపుకోవడం నా వల్ల కాలేదు. రెండో పిడికెడు వేశాను, మూడోదీ వేశాను. మూడో రోజు ఇంట్లో మిగిలిన అన్నం కూడా వేశాను. తర్వాత తింటాయిలే అని జాలి ముట్టుకోలేదు.

నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. వాసన. చేపలన్నీ మోటరు పైపు నీళ్లు పడేచోట గుంపుగా చేరి నోళ్లు పైకెత్తి ఎగపోస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది, నెత్తిన ఎర్ర మచ్చ ఉన్నది, ఒక పక్కకు ఒరిగిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు ముందు వచ్చింది చేపల మీద జాలి కాదు. కాలువ కోపం చేపల మీద తీర్చుకుంది అనుకుంటారేమోనన్న భయం.

మా ఆయన బస్సు డ్యూటీలో ఉన్నాడు. వీధి మలుపులో కొల్లాపూర్ వైపు నుంచి కృష్ణానది చేపలు తెచ్చి అమ్మే అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె గంప పక్క కొట్లో పెట్టి నా వెంట వచ్చింది. దోసిట్లో నీళ్లు తీసి వాసన చూసింది.

"ఎన్నిసార్లు ఏస్తున్నవ్ బిడ్డా?"

"అడిగినప్పుడల్ల."

"అవి ఎప్పుడు అడగవు? ఆటికి కడుపు నిండింది తెల్వదు. నువ్వేసిన మేతనే కింద మురిగి నీళ్లను ఖరాబు చేసింది."

"సస్తయా అవ్వా?"

"ఇప్పుడే జెప్పలేను. ముందుగాల మేత బంజెయ్. మూడు దినాలు తినకున్న ఏం గాదు."

నేను నల్లా పైపు పట్టుకొస్తుంటే ఆపింది. "దాంట్ల బ్లీచింగ్ మందు గలుపుతరు. బోరు నీళ్లు వట్టు. అన్ని ఒక్కసారే మార్చకు, మూడొంతుల్ల ఒక వంతు సాలు."

ఇద్దరం అడుగున మురిగినదంతా బకెట్లతో తోడేశాం. బోరు నీళ్లు పైనుంచి నురగ లేచేలా పోయించింది. నీళ్లు వడకట్టే మోటరు స్పాంజిని బకెట్లో తీసిన కొలను నీళ్లలోనే పిండి కడిగింది. సగం కొలను మీద నా పాత చీర కట్టి నీడ చేసింది.

మధ్యాహ్నం సార్‌కు ఫోన్ చేశాను. దాచిపెట్టాలనే అనిపించింది గానీ, పెద్ద చేప ఇంకా ఒరిగే ఉంది. అంతా చెప్పేశాను.

ఆయన ఒక్కటే అడిగాడు. "ఎన్ని సచ్చినయ్?"

"ఇంతవరకైతే ఏది సావలే సార్."

అప్పుడు నవ్వాడు. "పరేషాన్ గాకమ్మా. కొత్తల నేను నాలుగిటిని సంపిన. గిట్లనే, ఎక్కువేసి."

కొలను గట్టు మీదే కూర్చుండిపోయాను.

మర్నాడు సాయంత్రానికి పెద్ద చేప నిటారుగా ఈదింది. మూడు రోజులూ అవి ఒడ్డుకొచ్చి నోళ్లు తెరిస్తే నేను మొహం తిప్పుకున్నాను. తర్వాత చిటికెడు వేస్తే రెండు నిమిషాల్లో ఖాళీ చేశాయి. జాలికి ఒక్క గుళిక మిగల్లేదు. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

వాళ్లు తిరిగొచ్చిన రోజు సార్ వేలు చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఏడు. సార్ భార్య వాకర్ పట్టుకుని మెల్లగా వెనకే వచ్చి, చాలాసేపు చేపలను చూసింది.

"జర లావైనయ్ గదా?" అంది.

నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.