కారణం తెలియని మోత

బుధవారం. బట్టలు రెండు బకెట్లు, అయ్యాయి. గ్యాస్ బండ మార్చడం, అయింది. ఎండుమిరపకాయల తొడిమలు సగమే తీశాను. దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అక్క పోయింది. గుండె ఆగిపోయిందన్నరు" అని చెప్పారు. మిగతా సగం ఇప్పటికీ చేటలోనే ఉంది.

ఆయన అక్క నాకు వదిన. సైంటిస్టు. గాలిలో విషవాయువు కలిసినా, ఎవరైనా రోగపు క్రిములు వదిలినా పసిగట్టి మోగే యంత్రాలతోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక మేముండే పేట ఖానాపురం హవేలికి, మా మేడమీది గదికి వచ్చి, పాత ల్యాబ్ కోసం ఒక చిన్న పెట్టె మీద పని చేస్తుండేది. రైల్వే స్టేషన్లలో పెట్టవలసిన పెట్టె.

పుట్టింది టేకులపల్లి పక్క ఊళ్లో. "మా అమ్మ గాలి పీల్చి, అడవిల అగ్గి ఎటు అంటుకున్నదో చెప్పేది. నేను గదే పని జీతం తీసుకొని చేసిన" అని నవ్వేది.

"విషానికి మోగుతదా లేదా ల్యాబుల చూసుకుంటరు. మన పోపుకు మోగొద్దు, గది ఈడ చూడాలె" అంటూ నాకొక నోటుబుక్కు ఇచ్చింది. సాంబ్రాణి, ఫినాయిల్, ఆరబోసిన ఇప్పపూలు, ఒక్కొక్కటే పెట్టె దగ్గర పెట్టి, టైముతో సహా మోగిందో లేదో రాయాలి. పాల లెక్క రాసే చేతికి అది కొత్త కాదు. నా రాతను ఒకరు కళ్లద్దాలు పెట్టుకుని చదవడమే కొత్త.

"ఏంది పిల్లా, కిటికీ తెరిచున్నదా మూసున్నదా రాయలే?"

యాభై దాటిన నన్ను పిల్లా అనేది ఆమె ఒక్కతే. తప్పు రాస్తే కొట్టేయనిచ్చేది కాదు. "పక్కన రాయి. తప్పు గూడ లెక్కనే."

పోయిన ఎండాకాలం, ఆమె బజారుకు వెళ్లినప్పుడు పెట్టె మోగింది. పరీక్షకని పైకి తెచ్చిన పోపు మూకుడు నా చేతిలో ఉంది. కానీ అంతకుముందే మోకాళ్లకు నొప్పుల తైలం కూడా రాసుకుని మెట్లెక్కాను. నొప్పులని తెలిస్తే ఆమె నన్ను పైకి రానివ్వదు, నోటుబుక్కు నా చేతిలోంచి పోతుంది. "పోపు" అని మాత్రమే రాశాను.

మూడు వారాలు ఆమె దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ మిరపకాయలు వేయించింది. పెట్టె ఒక్కసారీ మోగలేదు. ఆ పేజీలో "కారణం తెలియలేదు" అని రాసి, పెట్టెను ల్యాబ్‌కు పంపకుండా ఆపేసింది.

"కారణం తెలువకుంట మోగేదాన్ని స్టేషన్ల పెడితే జనం ఒకల్ల మీద ఒకల్లు పడి చస్తరు. నాలుగుసార్లు గట్లయితే, నిజంగ మోగిన దినం ఎవ్వలు లేవరు."

చెప్పేద్దామని ఎన్నిసార్లు మెట్లెక్కానో. ప్రతిసారీ టీ గ్లాసు ఇచ్చి దిగిపోయాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక, ఆమె దగ్గర పని నేర్చుకున్న సైంటిస్టమ్మ పెట్టె కోసం వచ్చింది. నోటుబుక్కు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగింది. "ఇది తేలకపోతే పెట్టెను పక్కన పడేస్తరమ్మా" అంది.

చెప్పేశాను. ఆమె పేజీ మీదినుంచి తలెత్తింది.

"తైలమా! విషానికి బదులు అందుల ఉండే మందుతోటే మేం పెట్టెలను పరీక్షిస్తం. అది దానికి విషం లెక్కనే కనపడుతది. స్టేషన్‌కు సగం మంది అది రాసుకునే వస్తరు, రెండిటినీ వేరు చేసుడు మా పని. తెలిస్తేనే కద చేస్తం?"

"ఇప్పుడు చేస్తరా?"

"మేడం ఏమనేది? ఒక్కసారి మోగితే అనుమానం, మూడుసార్లు మోగితే సాక్ష్యం."

తైలం రాసుకుని పైకెక్కాను. మోగింది. దిగి, సబ్బుతో కడుక్కుని, గది గాలి మారేదాకా ఆగి, మళ్లీ రాసుకుని ఎక్కాను. మోగింది. మూడోసారి మోగినప్పుడు వెంటనే ఆపలేకపోయాను. వదిన కుర్చీ మీద కళ్లద్దాలు మడిచి ఉన్నాయి. పెట్టె మోగుతూనే ఉంది.

పాత మాట కొట్టేయలేదు. పక్కన రాశాను: మూడుసార్లు మోగింది. కిటికీ మూసి ఉంది. కారణం నా మోకాళ్ల తైలం. వదినకు నా బాకీ చెల్లు.