మా ఇంట్లో పరాయి ఆవిడ

పాలకొల్లు వెళ్లే కాలవ గట్టు మీద బండి జారి మా ఆయన తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక తమ్ముణ్ణి గుర్తుపట్టారు, చేను గట్లు గుర్తుపట్టారు. నన్ను మాత్రం, అచ్చం తన భార్యలాగే ఉన్న ఎవరో పరాయి ఆవిడ అనుకున్నారు. తమ్ముడు ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. నన్ను "మీరు" అనడం మొదలుపెట్టారు.

కాకినాడ డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. "చూపు బాగానే ఉందండి. చూడగానే మనవాళ్లన్న భావం పుట్టించే దారి మెదడులో దెబ్బతింది. ఫోనులో గొంతు వింటే మాత్రం పోల్చుకోవచ్చు. ఎదురుగా ఉంటే కన్నుదే పైచేయి."

ఇన్నేళ్ల కాపురం ఒక దారిలో ఉందా? ఆయన మనసులో ఉన్నానని నేను మురిసిపోయిందంతా, ఏ మూలనో ఓ నరం చేసిన ఉపకారమేనా? నాకు వేదాంతం పడదు. కానీ అంట్లు తోముతున్నంతసేపూ ఇదే ఆలోచన.

ఆయన చెడ్డవాడైనా బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. పరాయి ఆడమనిషితో ఇంట్లో ఒంటరిగా ఉండటం తప్పని, ఎండ మొహాన కొడుతున్నా వీధి అరుగు మీదే కూర్చునేవారు. మంచినీళ్లిస్తే తల వంచుకుని అందుకునేవారు. నా మీది ప్రేమతోనే నన్ను దూరం పెడుతుంటే, ఎవరితో చెప్పుకోను?

"పులుసు పెట్టి చూడు వదినా. కన్ను మర్చిపోయినా నాలిక మర్చిపోతుందా?" అంది మా ఆడపడుచు. ముందురోజే చేపల పులుసు కాచి, ఆయనకిష్టమైనట్టు మర్నాడు వడ్డించాను. వేళ్లు నాక్కుంటూ తిన్నారు.

"మా ఆవిడ దగ్గర నేర్చుకున్నారాండి?" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక ఇంకో ముక్క వేశాను. ఆయన చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వెళ్లాక, పెరట్లోకి పోయి ఆయనకి ఫోన్ చేశాను.

"ఎక్కడికి పోయావే? ఎప్పుడొస్తావు?"

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. నూతి గోడ పట్టుకుని నిలబడ్డాను. "వచ్చేస్తానండి," అన్నాను.

"తొందరగా రా. ఇక్కడెవరో ఆవిడ పాపం బాగానే చూసుకుంటోంది. కానీ నువ్వు లేని ఇంట్లో పరాయి ఆడమనిషి ఉంటే నలుగురూ నిన్నే అంటారు. రేపు పంపించేస్తానే."

 ఆయన "హలో, హలో" అంటున్నారు.

"ఉండనివ్వండి," అన్నాను చివరికి. "ఆవిడకి ఎవరూ లేరు."

"సర్లే, నువ్వన్నావు కాబట్టి ఊరుకుంటున్నా," అన్నారు. ఆ మాట మీదే ఈ ఇంట్లో ఉంటున్నాను.